చదువు గూడు ఎవరిది?

కిందటేడు ఆషాఢంలో ఒక రాత్రి మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోను చేసి, "అప్పా, నాకు క్యారెల్ ఇచ్చారు" అంది. గొంతులో ఉద్యోగం వచ్చినంత సంతోషం. నాకు మాత్రం "బ్యారెల్" అని వినబడింది. నీళ్లకు కటకటలాడే ఊరు గదా, హాస్టలు పిల్లలకు తలా ఒక పీపా ఇచ్చారు కాబోలనుకుని, "మూత సరిగా ఉందో లేదో చూసుకో తల్లీ" అన్నాను. అవతలి నుంచి కాసేపు నవ్వు తప్ప మరేమీ వినబడలేదు.

తర్వాత విడమరిచి చెప్పింది. ఆమె పరిశోధన చేస్తున్న విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో పై అంతస్తున కిటికీల వెంబడి చిన్న చిన్న బల్లలున్నాయట. ఒక్కో బల్లకు మూడు వైపులా భుజాలెత్తు చెక్క అడ్డం, తలకెదురుగా ఒక అర, ఒక దీపం. ఒక్కరే కూర్చుని చదువుకోవచ్చు. తీసుకున్న పుస్తకాలు రాత్రికి అక్కడే ఉంచి వెళ్లవచ్చు. పరిశోధక విద్యార్థులకు ఆరు నెలల లెక్కన పేరు మీద కేటాయిస్తారు. దాన్నే క్యారెల్ అంటారట.

నేను హోసూరు పక్క పల్లెటూరివాణ్ణి. బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్లు దాటింది. సాహిత్యమూ, తత్వమూ నా శాఖలు కావు. ఈ పత్రికకు చందాదారుణ్ణే గాని రచయితను కాను. అయినా ఆ ఒక్క మాట నా మనసులో ముల్లులా దిగి, పాత తప్పునొకదాన్ని పైకి లాగింది. ఆ తప్పు చెప్పుకునే ముందు, మాట సంగతి కొంచెం చూద్దాం.

క్యారెల్ అన్న మాట పుట్టింది క్రైస్తవ మఠాలలో. ఇంగ్లండుకు ఉత్తరాన డర్హమ్ అనే ఊళ్లో బెనెడిక్టు సంప్రదాయానికి చెందిన సన్యాసుల మఠం ఒకటి ఉండేది. 1539లో రాజాజ్ఞతో దాన్ని మూసివేశారు. అర్ధశతాబ్ది గడిచాక, 1593 ప్రాంతంలో, పేరు చెప్పుకోని ఒక మనిషి ఆ మఠంలో ఏ పని ఎలా జరిగేదో మరపున పడకుండా రాసిపెట్టాడు. అందులో ఈ గూళ్ల వర్ణన ఉంది. మఠం చుట్టు వసారాలో కిటికీ కిటికీకీ మూడేసి గూళ్లు. ఒక్కో వృద్ధ సన్యాసికి ఒక్కో గూడు. లోపల పుస్తకం పెట్టుకునే బల్ల. తలుపుకు చెక్కడపు పనిలో సందులు వదలడం వల్ల వెలుతురు లోపలికి వచ్చేది. మధ్యాహ్న భోజనం కాగానే వాళ్లు అక్కడ చేరి, సాయంకాల ప్రార్థన వేళ దాకా చదువుకునేవారు. పుస్తకాల బీరువాలు ఎదుటి గోడవారన ఉండేవి. గ్లోస్టర్ కెథీడ్రల్ వసారాలో ఇలాంటి రాతి గూళ్లు, 14వ శతాబ్దం నాటివి, 20 ఇప్పటికీ వరసగా నిలిచి ఉన్నాయి.

ఇంతవరకు చరిత్ర. నన్ను ఆశ్చర్యపరచింది మాట పుట్టుక. పాత ఫ్రెంచిలో 'కరోల్' అంటే చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట. మన గొబ్బి, మన కోలాటం లాంటిది. క్రిస్మసు పాటలను కరోల్స్ అనడం అందులోంచి వచ్చిందే. 'వలయం', 'ఆవరణ' అన్న అర్థం మీదుగా అదే మాట చదువు గూటికీ అమరిందని నిఘంటుకారుల అభిప్రాయం. పదిమంది చేయీ చేయీ కలిపి పాడే పాటకూ, ఒక్కడు నోరు మెదపకుండా కూర్చునే చోటుకూ ఒకే పేరు! పొరపాటున పడిన పేరు కాదేమోనని నాకు క్రమంగా అనిపించసాగింది. అక్కడికి తర్వాత వస్తాను.

దీన్ని తెలుగులో ఏమనాలి? హైదరాబాదు అశోక్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో పోటీ పరీక్షలకు చదివే పిల్లలను అడిగితే 'క్యాబిన్' అంటారు. అక్కడ నెలకింత అని అద్దె తీసుకుని, మూడు వైపులా ప్లైవుడ్ అడ్డం పెట్టిన బల్ల ఇచ్చే స్టడీ హాళ్లు వీధికి నాలుగున్నాయి. వాడుకలో ఉన్న మాట కనుక తప్పనలేను. కాని బ్యాంకువాణ్ణి గదా, క్యాబిన్ అనగానే నాకు మేనేజరు గారి అద్దాల గదే కళ్లముందు కదులుతుంది. క్యాబిన్ హోదాతో వచ్చేది. ఇది అవసరంతో వచ్చేది. 'అర' అందామంటే బీరువా అర గుర్తొస్తుంది. 'గది' అందామంటే దీనికి పైకప్పూ లేదు, తలుపూ లేదు. 'మూల' అంటే ఇంట్లో పనికిరాని సామాను పడేసే చోటు.

చివరికి నా మనసు 'గూడు' దగ్గర ఆగింది. పిట్ట గూడు సరే, మన పాత ఇళ్లలో గోడలోనే వదిలే దీపపు గూడు కూడా గూడే. కన్నడంలోనూ అది గూడే. తమిళంలో కూడు. మా హోసూరు పిల్లలు చిన్నప్పుడు ఈ మాట దగ్గర తికమక పడేవాళ్లు. తమిళం వాళ్ల కూడు మన గూడు, మన కూడు వాళ్ల సోరు. కూడు, గుడ్డ, గూడు అని మనవాళ్లు మనిషికి కావలసినవి మూడే చెప్పారు. చదువుకునేవాడికీ అవే మూడు కావాలి. మొదటి రెండూ ఎలాగో దొరికినా, మూడోదాని దగ్గరే చాలామంది చదువు ఆగిపోతుంది.

మా చదువు దీపపు గూటి కిందే జరిగింది. తొమ్మిదిమంది ఉండే ఇల్లు, రెండే గదులు. రాత్రయితే అవ్వ దగ్గూ, పసివాళ్ల ఏడుపూ, నాయనతో మాట్లాడడానికి వచ్చిన ఊరివాళ్ల పెద్ద గొంతులూ. కరెంటు ఉండీ లేనట్టే ఉండేది. నేను గోడలోని గూట్లో బుడ్డి దీపం పెట్టుకుని, గోడవైపు ముఖం తిప్పుకుని కూర్చునేవాణ్ణి. అలా తిరిగి కూర్చున్నానంటే ఇంట్లో ఎవ్వరూ నన్ను పలకరించకూడదు. ఈ నియమం ఎవరూ పెట్టింది కాదు. అవ్వకు నీళ్లు కావలసివస్తే నా వెనక నుంచి వెళ్లి తానే ముంచుకునేది. నాకు ఆ రోజుల్లో తెలియలేదు గాని, ఇప్పుడు తెలుస్తోంది. నాకు గూడు కట్టింది గోడ కాదు, ఆ తొమ్మిదిమంది మర్యాద. గ్రంథాలయంలోనూ అంతే. భుజాలెత్తు చెక్క ముక్క ఏ చప్పుడునూ ఆపలేదు. చుట్టూ ఉన్నవాళ్లు గొంతు తగ్గించడం వల్లనే అది గూడవుతుంది. అంటే ఏకాంతమన్నది మనం సంపాదించుకునేది కాదు, పదిమంది కలిసి మనకు ఇచ్చేది.

అలా ఇచ్చినదాని మీద మనకు ఎంత హక్కుంది? ఇదీ నన్ను పట్టుకున్న ప్రశ్న.

మా బ్యాంకు భాషలో సొంతదారు వేరు, స్వాధీనంలో ఉంచుకున్నవాడు వేరు, వాడుకునేవాడు వేరు. లాకరు తీసుకున్నవాడికి లాకరులోని నగ సొంతం, లాకరు సొంతం కాదు. అద్దె కడుతున్నంత కాలం, ఒప్పందం ప్రకారం నడుచుకున్నంత కాలం వాడుకునే హక్కు మాత్రం ఉంటుంది. గూటిలోనూ ఇంతే. చదివిన చదువు మనది, చదివిన చోటు మనది కాదు. ఈ విషయంలో ఆ సన్యాసుల ఏర్పాటు నాకు చాలా నచ్చింది. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠాలకు పెట్టిన నియమాల్లో, సన్యాసికి సొంతమన్నది ఏదీ ఉండకూడదన్నాడు. పుస్తకం గాని, పలక గాని, కలం గాని నాదని అనడానికి వీల్లేదు. అలాంటి కఠిన నియమం కింద బతికినవాళ్లకే ఒక్కొక్కరికీ ఒక్కో గూడు ఏర్పరచారు. నాది అనే మాట విడిచిపెట్టినవాళ్లకు కూడా, చదువుకోవడానికి తనదంటూ ఒక చోటు కావాలని వాళ్లు గుర్తించారన్నమాట. ఆస్తి అక్కర్లేకపోయినా చోటు కావాలి. ఈ రెండూ వేరని నాకు వాణిజ్యశాస్త్రం నేర్పలేదు. ఒక గ్రంథాలయపు అటెండరు నేర్పాడు. ఇక ఆ కథ చెప్పుకోవాలి.

1999లో ఆఫీసరుగా ప్రమోషను ఇచ్చి నన్ను అప్పటి ఒరిస్సా దక్షిణపు కొసన ఒక ఊరికి వేశారు. తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్న ఊరు కనుక భాషకు ఇబ్బంది లేదు. సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్ష రెండో భాగం మిగిలి ఉంది. పాసైతే ఇంక్రిమెంట్లు వస్తాయి. అద్దె గదిలో ముగ్గురం ఉండేవాళ్లం, చదువు సాగేది కాదు. ఆ ఊళ్లో ఒక పాత గ్రంథాలయం, అందులో కిటికీల పక్కన చెక్క అడ్డాలున్న బల్లలు ఆరు ఉండేవి. వాటికి అప్పుడు నాకు పేరు తెలియదు. పొద్దున ఎనిమిదింటికి తలుపు తీసేసరికి వెళ్లి, మూడో కిటికీ దగ్గరి బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం, కుర్చీ మీద నా తువ్వాలు వేసేవాణ్ణి. గంటన్నర చదివి, వాటిని అలాగే ఉంచి బ్యాంకుకు పోయేవాణ్ణి. సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చేదాకా నా చోటు నా కోసం కాచుకుని ఉండేది. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే దేశం మనది. అందులో తప్పేముందో నాకు స్ఫురించలేదు.

ఒక శనివారం. ఆ రోజుల్లో బ్యాంకులకు శనివారం ఒంటిపూటే. రెండున్నరకే గ్రంథాలయానికి వచ్చాను. పరీక్షల కాలం, పెద్ద హాలు నిండిపోయి ఉంది. మేడమెట్ల మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు మోకాళ్ల మీద నోటు పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసుకుంటున్నాడు. నేను పైకి వెళ్లాలి గనుక దారివ్వడానికి లేచి నిలబడ్డాడు. పెద్దవాణ్ణని నమస్కారం కూడా పెట్టాడు. పైన ఆరు బల్లల్లో అయిదింటిలో మనుషులున్నారు. ఆరోదానిలో నా తువ్వాలుంది.

నాకు అర్థం కాలేదని చెప్పడానికి వీల్లేదు. అర్థమైంది. పొద్దుటినుంచీ ఆ కుర్చీ ఖాళీగా ఉందని, ఆ పిల్లవాడు మెట్ల మీద ఉన్నాడని, రెండింటికీ మధ్య నా తువ్వాలు తప్ప మరేమీ లేదని ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా వెళ్లి కూర్చున్నాను. రెండున్నర గంటలు చదివాను. పరీక్ష దగ్గర పడిందని, నేనూ కష్టపడుతున్నవాణ్ణేనని, అడిగితే ఇచ్చేవాణ్ణి గాని అతను అడగలేదని, ఇలా నాకు నేనే జమా ఖర్చూ రాసుకున్నాను. చేతిలో కలం మనదైతే ఖాతా ఎప్పుడూ సరిపోతుంది.

ఆ సాయంత్రం దిగి వస్తుంటే గుమ్మం దగ్గర ముసలి అటెండరు ఆపాడు. నేను మరచిపోయి వదిలేసిన తువ్వాలు చక్కగా మడత పెట్టి నా చేతికిచ్చి, "బాబూ, మీ తువ్వాలు పొద్దున్నుంచీ సదివి సదివి అలిసిపోనాది. ఇంటికి తీసుకుపొండి" అన్నాడు. గొంతులో కోపం లేదు, వెటకారం కూడా పెద్దగా లేదు. అలిసిపోయిన పిల్లవాణ్ణి ఇంటికి పంపమన్నట్టే అన్నాడు.

సోమవారం నుంచి తువ్వాలు వేయలేదు. కాని మెట్ల మీద ఆ కుర్రాడు మళ్లీ కనబడలేదు. పరీక్షలయిపోయాయో, మరో చోటు చూసుకున్నాడో. నాకు మాత్రం పరీక్ష పాసయింది, ఇంక్రిమెంట్లు వచ్చాయి. జీతంలో ఒకసారి కలిసిన ఇంక్రిమెంటు పోదు. దాని మీద కరువు భత్యం, దాని మీద తర్వాతి స్థాయి, అలా పెరుగుతూనే ఉంటుంది. పాతికేళ్లుగా నెలనెలా నా ఖాతాలో పడుతున్న సొమ్ములో కొన్ని రూపాయలు ఆ మెట్ల మీది పిల్లవాడి కుర్చీవి. ఎవరికి తిరిగి కట్టాలో తెలియని అప్పు అది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. నేను ఏ నియమాన్నీ మీరలేదు. తువ్వాలు వేయరాదని అక్కడ బోర్డు లేదు. ముందొచ్చినవాడికి ముందు అనే న్యాయం ప్రకారమూ నేను ముందే వచ్చాను. మరి తప్పెక్కడుంది? ఆలోచించగా నాకు తోచింది ఇది. ముందొచ్చినవాడికి ముందు అన్న న్యాయం మనుషులకే గాని తువ్వాళ్లకు కాదు. ఒక మనిషి ఎంత ఆశపరుడైనా ఒక్క కుర్చీలోనే కూర్చోగలడు, కూర్చున్నంతసేపే కూర్చోగలడు. ప్రకృతి పెట్టిన హద్దు అది. తువ్వాలు ఆ హద్దును చెరిపేస్తుంది. మనం బ్యాంకులో ఉండగా గ్రంథాలయంలోనూ ఉన్నట్టు చూపిస్తుంది. లేనివాడు ఉన్నట్టు కనబడి, ఉన్నవాడు లేనట్టు మెట్ల మీదికి పోవలసి రావడం, ఇదీ తప్పు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. మా అమ్మాయే అడిగింది: "అలాగైతే నా పేరు మీద ఆరు నెలలు ఇవ్వడం కూడా తప్పేనా అప్పా? పది పుస్తకాలు తెరిచి పెట్టుకుని రాసేవాళ్లు రోజూ సర్దుకుని లేవాలంటే పని సాగుతుందా?" న్యాయమైన మాట. కొన్ని పనులకు చోటు మారకుండా ఉండాలి. నేత నేసేవాడు ప్రతి రాత్రీ మగ్గం విప్పి మూట కట్టుకోడు గదా. డర్హమ్ వృద్ధులకు గూడు పేరు మీద ఉన్నది అందుకే. కనుక చోటు పట్టి ఉంచడమే తప్పని అనలేం. పట్టి ఉంచింది పని కోసమా, పట్టు కోసమా అన్నదే కొలబద్ద. తెరిచి ఉన్న పది పుస్తకాలు పని. మూసి ఉన్న ఒక పుస్తకమూ, దాని పక్కన తువ్వాలూ పట్టు.

డబ్బు కట్టి తీసుకుంటే ఈ బాధ లేదు గదా అని మరో వాదన. స్టడీ హాల్లో అద్దె కట్టినవాడు వెళ్లినా, వెళ్లకపోయినా క్యాబిన్ అతనిదే. ఎవరినీ అడగనక్కర్లేదు. నిజమే. కాని అద్దె కట్టలేనివాడి సంగతేమిటి? హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినవాళ్లకు తెలుసు, కుర్చీలు చాలక ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదివే నిరుద్యోగులను. వాళ్లకు చెట్టే గూడు. అందుకే చదువుకునే చోటును సంతకే వదిలేయకూడదని పెద్దలు భావించారు. స్వతంత్రం వచ్చాక మొట్టమొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. అప్పట్లో ఆంధ్ర ప్రాంతమూ అందులోదే. దాని వెనక శ్రమించిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు, పుస్తకాలున్నది వాడకానికే అన్నది తన అయిదు సూత్రాల్లో మొదటిదిగా 1931లోనే పెట్టారు. మైసూరు రాష్ట్రంలో చట్టం 1965లో వచ్చింది. ఈ చట్టాల కింద ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. మా వీధిలో కిరాణా కొట్టు ఆయన జీవితంలో గ్రంథాలయం గడప తొక్కి ఉండడు. అయినా ఆయన కట్టిన సెస్సులోంచి నేను కూర్చునే కుర్చీకి ఒక మేకు వచ్చే ఉంటుంది. పుస్తకాలు వాడకానికైతే కుర్చీలూ వాడకానికే. వాడని కుర్చీని పట్టి ఉంచినవాడు, చదవని ఆ కొట్టు ఆయనకు కూడా అన్యాయం చేసినట్టే.

ఇక గుండ్రపు ఆట సంగతి. అమెరికాలో ఎక్సెటర్ అనే ఊరి పాఠశాలకు లూయీ కాన్ ఒక గ్రంథాలయం కట్టాడు. మన అహ్మదాబాదు ఐ.ఐ.ఎం. భవనాలు కట్టినాయనే ఆయన. 1970ల తొలి సంవత్సరాల్లో పూర్తయిన ఆ భవనం చిత్రపటాలు మా అమ్మాయి చూపించింది. నడిమధ్య అందరూ నడిచే ఎత్తయిన హాలు. దాని చుట్టూ పుస్తకాల వలయం. దానికీ బయట, గోడల వెంబడి చదువు గూళ్ల వలయం. గూటి గూటికీ ఒక చిన్న కిటికీ, కావాలంటే మూసుకునే చెక్క తలుపు. మధ్యలో పుస్తకం తీసుకుని అంచున ఉన్న వెలుతురు దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. చిత్రం చూడగానే నాకు మాట పుట్టుక గుర్తొచ్చింది. ఒక్కొక్కరూ ఒంటరిగానే కూర్చున్నారు, కాని అందరూ కలిసి ఒక వలయంగా ఉన్నారు. చేతులు పట్టుకోలేదు గాని అది కోలాటమే. మన భాషలో మాత్రం? పదిమంది చేరడాన్ని 'గుమిగూడడం' అంటాం. ఆ మాట చివర చెవికి వినబడేది గూడే. తమిళంలో 'కూడు' అంటే గూడూ అవుతుంది, చేరు అన్న అర్థమూ వస్తుంది. ఒంటరి చోటు పేరు పలికితే గుంపు పేరు కూడా ప్రతిధ్వనించడం మనకూ ఉన్నదే.

ఇదంతా రాస్తూంటే, ఇది కేవలం కుర్చీల గొడవ కాదని తోచింది. హోసూరు, బరంపురం, షోలాపురం, కోలారు, ఏ ఊరిదైనా మన బతుకు ఇలాంటిదే గదా. చుట్టూ ఒక పెద్ద భాష. దాని నడుమ మనకొక చిన్న గూడు. మనం ఇక్కడ అద్దెకున్నవాళ్లం కాము. తాతల తాతలు ఇక్కడి మన్నులోనే కలిశారు. అలాగని భవనమంతా మనదీ కాదు. గ్రంథాలయంలో అతిథులూ ఉండరు, యజమానులూ ఉండరు, చదువరులే ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్ల మర్యాద కొంత, చట్టం కొంత కలిసి మనకీ చోటు ఇచ్చాయి. ఆ మర్యాద తగ్గిన చోట మనం అడగవలసిందే, గొంతెత్తవలసిందే. కాని అడిగే ముందు, ఆ కుర్చీలో ఉన్నది మనమా, మన తువ్వాలా అని ఒకసారి చూసుకోవాలి.

జనాభా లెక్కల్లో మాతృభాష తెలుగు అని రాయిస్తాం. ఉగాదికి సభ పెడతాం, శాలువాలు కప్పుతాం. మన బడి మూసేస్తున్నారని అర్జీ పెడతాం, కాని మన పిల్లలను ఆ బడికి పంపం. నేనూ పంపలేదు. ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. మా ఇంట్లో తెలుగు పుస్తకాల బీరువా ఉంది. మా అమ్మాయి దాన్ని తుడిచేది గాని, పన్నెండో ఏటిదాకా అందులో ఒక్క అక్షరం చదవలేకపోయింది. అంతకాలం నేను మా భాష మీద తువ్వాలు వేసి బ్యాంకుకు వెళ్లినవాణ్ణే.

బ్యాంకులో ఒక నియమం ఉంది. రెండేళ్లకు పైగా ఖాతాదారు ఏ లావాదేవీ జరపకపోతే ఖాతాను నిష్క్రియ ఖాతా అంటాం. పదేళ్లు దాటితే సొమ్ము 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పరచిన ఒక నిధికి పోతుంది. ఖాతాదారు హక్కు అప్పుడూ పోదు. ఎప్పుడొచ్చి అడిగినా, తానే అని రుజువు చేసుకుంటే తిరిగి ఇవ్వవలసిందే. చాలామంది మాత్రం రారు. తాత పేరు మీద ఖాతా ఉందని మనవలకు తెలియనే తెలియదు. భాషకూ హక్కు అలాగే మిగిలి ఉంటుందేమో గాని, హక్కు మిగలడం వేరు, ఖాతా నడవడం వేరు. నడవాలంటే పెద్ద మొత్తాలు అక్కర్లేదు. పది రూపాయలు వేసినా, తీసినా చాలు.

ఈ సంక్రాంతి ముందు పని మీద బెంగుళూరు వెళ్లి, మా అమ్మాయి గూడు చూసి వచ్చాను. ఆమె పొద్దున పూట ప్రయోగశాలలో ఉంటుంది, మధ్యాహ్నం నుంచే గూటికి వస్తుంది. మేం వెళ్లేసరికి అక్కడ మరో అమ్మాయి కూర్చుని రాసుకుంటోంది. మమ్మల్ని చూసి లేవబోతే మావాడి మాదిరి నేనే కంగారుపడి, "కూర్చో తల్లీ, కూర్చో" అన్నాను. చెక్క అడ్డానికి ఒక చీటీ అంటించి ఉంది. ఇంగ్లీషులో ఒక వరస, కన్నడంలో ఒక వరస, తెలుగులో ఒక వరస. మధ్యాహ్నం రెండు దాకా ఈ చోటు ఖాళీ, ఎవరైనా కూర్చోవచ్చు అని. ఇలా ఇవ్వడం నియమాలకు సరిపోతుందా అని అడిగాను, బ్యాంకు బుద్ధి పోదు గదా. "లైబ్రేరియన్ గారిని అడిగే పెట్టాను అప్పా" అంది.

తెలుగు వరసలో 'కూర్చోవచ్చు' అనేదాన్ని 'కుర్చోవచ్చు' అని రాసింది. చెబుదామని నోటిదాకా వచ్చింది. కాసేపు ఆ చీటీ ముందే నిలబడి, తర్వాత చెప్పవచ్చులే అనుకుని ఊరుకున్నాను. ఖాతాలో పది రూపాయలు పడ్డాయి. చిల్లర సంగతి మళ్లీ చూసుకోవచ్చు.